పులస జాతకం రెక్కలో ఉంది

గోదారికి ఎర్రనీరు తగిలితే చాలు, యానాంలో పులస వేలంపాట మొదలవుతుంది. ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస. ఒడిశా నుంచి ఐసులో దిగిన విలస కూడా పులస పేరుతోనే అమ్ముడుపోతుంటుంది. పొలుసు చూసి పోల్చేస్తామనే ఘనులు లేకపోలేదు. ముక్కలై పులుసులో పడ్డాక మాత్రం వాళ్లూ చేతులెత్తేయాల్సిందే.

యూరప్‌లో ఈ తంటాకు డీఎన్‌ఏతో దారి వెతికారు. ఫిష్‌పాప్‌ట్రేస్ ప్రాజెక్టు శాస్త్రవేత్తలు కాడ్, హేక్, హెర్రింగ్, సోల్ చేపల జన్యువుల్లో ఒక్కో అక్షరం తేడాలను వెతికి, వాటిలో పనికొచ్చేవాటిని గుర్తులుగా ఏరారు. 2012లో ప్రచురించిన ఫలితాల్లో, చేప ఏ సముద్రపు మందదో 93 నుంచి 100 శాతం కచ్చితత్వంతో తేలింది.

పులసకు ఇది అచ్చంగా సరిపోదు. చేప నది ఎక్కిందా లేదా అన్నది జన్యువు చెప్పదు. ఏ మందలో పుట్టిందో చెప్పగలదు, అదీ మందల మధ్య తేడా ఉంటేనే. అయినా మనకు కావలసింది ఆ జవాబే. గోదారి విలస, గంగ విలస వేర్వేరు మందలైతే, ఇక్కడ పోయినదాన్ని అక్కడిది వచ్చి భర్తీ చేయదు.

తూర్పు తీరమంతటికీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఒకటే వేట నిషేధం. పులస గుడ్లతో గోదారి ఎక్కేది ఆ తర్వాత! ఏ మందకు ఎప్పుడు విరామమివ్వాలో తేల్చకుండా గీసిన గీత ఇది.

వేలానికొచ్చే ప్రతి పులస నుంచీ డీఎన్‌ఏ పరీక్షకు గోరంత రెక్కముక్క తీసి దాచడం మత్స్యశాఖకు పెద్ద పనికాదు. కొన్నవాళ్లూ కాదనరు. రెక్కలు ఎలాగూ పులుసులో వేయరు.