ఏ క్రిమి మంచిది? ఎవరికి మంచిది?

"యింట్లో గడ్డపెరుగు వుండగా, మందులషాపులో మంచి క్రిముల పొట్లాలు కొనడం దేనికి?" అని అడిగేవారున్నారు. అడక్కుండా కొని మింగేవారూ వున్నారు. యిద్దరూ మరచిపోయే సంగతి ఒకటుంది. మంచి క్రిములన్నీ ఒక్కలాటివి కావు.

మన పేగు లోపలి పొర మందం ఒక్క కణం మాత్రమే. దానికి యివతల తిండీ, కోటానుకోట్ల సూక్ష్మజీవులూ. అవతల రక్తమూ, తక్కిన శరీరమూ. అందుకే మన రక్షక కణాలెన్నో పేగును కనిపెట్టుకుని వుంటాయి. వాటి కష్టం చెప్పనలవి కాదు. వచ్చిన ప్రతివాణ్ణీ దొంగ అని కొడితే యిల్లే గుల్లవుతుంది. ఎవరినీ కొట్టకపోతే దొంగలు దూరుతారు. వచ్చినదెవరో తడిమి చూసి, తక్కిన కణాలకు కబురు చెప్పేవి డెండ్రిటిక్ కణాలు.

2002లో డెన్మార్కు శాస్త్రజ్ఞులు చుంచెలుకల నుంచి తయారుచేసిన యీ కణాలకు లాక్టోబాసిల్లస్ జాతి క్రిములను తగిలించి చూశారు. కేసీ అనే రకం తగలగానే కణాలు ఇంటర్‌లూకిన్-12 అనే పదార్థాన్ని విరివిగా విడిచాయి. పోరాటానికి పిలుపు అన్నమాట. రాయిటెరీ అనే రకానికి ఆ పిలుపు బహు స్వల్పం. చిత్రమేమంటే, రెంటినీ కలిపి వేస్తే, కేసీ రేపిన అలజడిని రాయిటెరీ అణచివేసింది! యిద్దరూ దాయాదులే. ఒకడు ఉసిగొల్పేవాడు, ఒకడు సర్దిచెప్పేవాడు.

యిది ప్రయోగశాలలో మాట. మరి మనుషుల్లోనో?

ఒడిశా పల్లెల్లో తల్లిపాలు తాగే 4,556 మంది పురిటి బిడ్డలపై జరిగిన పరీక్ష ఫలితాలు 2017లో వెలువడ్డాయి. కొందరికి ప్లాంటారం అనే రకం క్రిమిని, దానికి ఆహారమయ్యే ఒక చక్కెరతో కలిపి, ఏడు రోజులు యిచ్చారు. రెండు నెలల లోపల రక్తం విషమించే సెప్సిస్‌గాని, మరణంగాని వుత్తుత్తి మందు తీసుకున్న బిడ్డల్లో నూటికి 9 మందికి సంభవిస్తే, క్రిమిని తీసుకున్నవారిలో 5.4కు తగ్గింది. ఎంత గొప్ప మేలు!

అంతకు ముందు, 2008లో, హాలెండునుంచి మరొక వార్త వచ్చింది. క్లోమగ్రంథి తీవ్రంగా వాచిన రోగులకు ఆరు రకాల మంచి క్రిములు గొట్టం ద్వారా పేగులోకి పంపారు. వారిలో 152 మందికి 24 మంది చనిపోయారు. క్రిములివ్వని 144 మందిలో చనిపోయింది 9 మందే. ఒకరికి అమృతమైనది మరొకరికి అమృతం కావాలని లేదు.

కాబట్టి పెరుగు హాయిగా తినండి. అది మంచి ఆహారం. కాని ఏ యింటి తోడులో ఏ క్రిములున్నాయో ఎవరు లెక్కపెట్టారు? దాన్ని మందు అనుకోవద్దు. పైన చెప్పింది చదివి పురిటి బిడ్డ నోట్లో పెరుగు పెట్టేరు సుమా!

పొట్లం కొనేటప్పుడు క్రిమి పేరు, దాని రకం గుర్తు, ఎన్ని వున్నవి, ఎన్నాళ్లు బ్రతికి వుంటాయి అన్నవి చూడండి. "యిది నా జబ్బుకు పనిచేస్తుందని తేలిందా?" అని డాక్టరును అడగండి. నెలలు నిండని బిడ్డలకు, ఆస్పత్రిలో తీవ్రంగా జబ్బుపడి వున్నవారికి, రక్షణశక్తి సన్నగిల్లినవారికి, డాక్టరు చెప్పనిదే అసలే యివ్వకండి.