బొమ్మల పెట్టెలకు రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో ఒక అల్మారా ఇవ్వండి

రైల్వే ఉద్యోగి రిటైరయ్యాక క్వార్టర్ ఖాళీ చెయ్యడానికి మామూలు అద్దె మీద నాలుగు నెలల గడువు ఉంటుంది. ఆ నాలుగు నెలలూ ఎలా గడుస్తాయో బిలాస్‌పూర్ రైల్వే కాలనీలోని తెలుగు కుటుంబాలకు బాగా తెలుసు. బీరువా విజయనగరం చేర్చాలా, ఇక్కడే అమ్మాలా? కూలర్ ఎవరికివ్వాలి? తులసికోట మాటేమిటి? వీటికి పదిమందీ పది సలహాలు చెబుతారు, ఏదో ఒకటి తేలుతుంది. తేలనిది అటక మీది పెట్టెల సంగతి. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోతారు. వాళ్ల బొమ్మలు మాత్రం అమ్మానాన్నల అటక మీద ఉండిపోతాయి. వాటి గురించి నేను చెప్పదలచింది ఇదీ: రేపు ధర పలుకుతాయని దాచకండి, బరువు తగ్గితే చాలని పారెయ్యకండి. ఆట నేర్పి, ఆటతో సహా పిల్లలకివ్వండి. అందుకు కాలనీలోనే ఒక చోటు కావాలి.

మా మామగారి తరం ఇక్కడికి ఒక ట్రంకుపెట్టె, ఒక హోల్డాల్‌తో వచ్చింది. బెంగాల్ నాగపూర్ రైల్వే 1887లో ఏర్పడ్డాక ఆ లైన్ల వెంట శ్రీకాకుళం, విజయనగరం వైపు మనుషులు ఖరగ్‌పూర్ దాకా, బిలాస్‌పూర్ దాకా పనికి వచ్చారు. మా ఆయన గార్డుగా చేశారు. నేను రైల్వే స్కూల్లో ఈ కాలనీ పిల్లలకే పాఠాలు చెప్పాను. మా అబ్బాయి ఎమ్మెస్‌కి టెక్సాస్ వెళ్లాడు. తిరిగి హైదరాబాద్ వచ్చాక, అద్దె ఫ్లాట్‌లో చోటు చాలదని అట్టపెట్టెలు కొన్ని మా దగ్గరకు పంపాడు. విప్పితే వందల కొద్దీ బొమ్మలు. బొటనవేలంత ఎత్తున స్పైడర్‌మాన్, బ్యాట్‌మాన్, వాళ్ల శత్రువులు, ఆ శత్రువుల అనుచరులు, ఎవరో నాకు నేటికీ తెలియని ముసుగువాళ్లు. ఒక్కొక్కరూ గుండ్రటి నల్ల పీట మీద నిలబడి ఉన్నారు.

ఆ ఆట పేరు హీరోక్లిక్స్. దాని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఆట తెలియకపోతే ఆ బొమ్మ ఒట్టి ప్లాస్టిక్ ముక్కే. పీట లోపల ఒక చక్రం ఉంటుంది. తిప్పితే టిక్కుమని ఒక మెట్టు జరుగుతుంది. పీటకున్న చిన్న సందులో కొత్త అంకెలు కనిపిస్తాయి: ఎంత దూరం కదలగలడు, ఎంత గురిగా కొట్టగలడు, ఎంత కాచుకోగలడు, దెబ్బ తగిలిస్తే ఎంత నష్టం చేస్తాడు. దెబ్బ తిన్నకొద్దీ చక్రం తిరుగుతుంది, బొమ్మ నీరసిస్తుంది. హల్క్ లాంటివాడు మాత్రం దెబ్బలు తిన్నకొద్దీ రెచ్చిపోతాడు, అంకెలు పెరుగుతాయి. గళ్ల పటం, రెండు పాచికలు కావాలి. అంకెల వెనక రంగులుంటాయి, ఒక్కో రంగు ఒక్కో శక్తి. ఏ రంగుకి ఏ శక్తో చెప్పే కార్డు ఒకటి వేరే వస్తుంది. అది పోతే రంగులకు అర్థం లేదు, ఆటే లేదు. ఇంత చిన్న బొమ్మలో ఇన్ని లెక్కలు ఇమిడ్చినవాళ్ల మీద, లెక్కలు చెప్పిన టీచరుగా నాకు గౌరవం కలిగింది.

అమ్మే పద్ధతి మీద ఆ గౌరవం లేదు. విజ్‌కిడ్స్ అనే అమెరికన్ కంపెనీ 2000లో మేజ్ నైట్ అనే ఆటను, 2002లో హీరోక్లిక్స్‌ని తెచ్చింది. రెండింటినీ మూసిన పెట్టెల్లో అమ్మింది. విప్పేదాకా లోపల ఎవరున్నారో తెలియదు. కావలసిన ఒక్క అరుదైన బొమ్మ కోసం కుర్రాళ్లు పెట్టె మీద పెట్టె కొంటారు. మామూలు బొమ్మలు మళ్లీ మళ్లీ అవే వస్తాయి. అలా పోగయినవే మా అటక ఎక్కాయి. దానికి తోడు పెద్ద పోటీల్లో ఆధునిక విభాగమని ఒకటుండేది, అందులో కొత్తగా వచ్చిన సెట్లే చెల్లేవి. పాతవి ఏటా పక్కకు పోయేవి. కంపెనీని 2003లో టాప్స్ అనే సంస్థ కొన్నది, 2008 నవంబరులో మూసేసింది. 2009లో మరో సంస్థ కొని హీరోక్లిక్స్‌ని మళ్లీ నడిపింది. బొమ్మల ధర బొమ్మల చేతిలో ఎప్పుడూ లేదు. ఎవరో ఎక్కడో తీసుకునే నిర్ణయాల మీద అది ఆధారపడింది.

పక్క క్వార్టర్ ఆవిడ మాత్రం గట్టిగా చెప్పారు: "దాచండి టీచరుగారూ, అమెరికా సరుకు, మనవల నాటికి లక్షలవుతుంది." చాలామంది నమ్మకం ఇదే. అమెరికాలోనే ఇలా ధర కోసం దాచడం ఒకసారి పెద్ద ఎత్తున జరిగింది. టై కంపెనీ 1993లో మొదలుపెట్టిన బీనీ బేబీలనే చిన్న గుడ్డబొమ్మలను పిల్లల చదువు ఖర్చులకు పనికొస్తాయని కొని దాచినవాళ్లున్నారు. 1999లో లాస్ వేగస్‌లో విడాకులు తీసుకుంటున్న ఒక జంట కోర్టు గది నేల మీద కూర్చుని ఆ బొమ్మల్ని ఒక్కొక్కటిగా పంచుకున్నారు. ఆ ఫోటో ప్రపంచమంతా చూసింది. తర్వాత కొద్దికాలానికే వాటి ధర కూలిపోయింది. అందరూ దాచుకున్న వస్తువు అరుదైనది ఎలా అవుతుంది?

మా అబ్బాయి ఆన్‌లైన్‌లో ధరలు చూశాడు. మామూలు బొమ్మ ఒక్కటి అమ్మితే వచ్చేదాని కన్నా దాన్ని చుట్టి పార్సెల్ చెయ్యడానికే ఎక్కువవుతుంది. బిలాస్‌పూర్‌లో ఈ ఆట తెలిసినవాళ్లు మాకెవరూ తగల్లేదు. చివరికి వాడు "అమ్మా, పారెయ్" అన్నాడు. ఆ మాట అనడానికి వాడికి ఎంత కష్టమైందో ఫోనులోనే తెలిసింది. కొత్త దేశంలో, పండగ రోజు కూడా ఒంటరిగా వండుకు తిన్న కుర్రాడికి శుక్రవారం సాయంత్రం బొమ్మల కొట్లో ఈ ఆట ఆడే బల్ల దగ్గరే మొదటి స్నేహితులు దొరికారు. అలాంటి వస్తువుని పారెయ్యమంటే తల్లి చెయ్యి ఆడదు. నీకు కావలసినవి చెప్పు, మిగతావి నాకొదిలెయ్ అన్నాను. గుప్పెడు బొమ్మలు అడిగాడు. అవి వాడికి చేరాయి. అవి ధర పలికేవి కావు, వాడు నెగ్గిన ఆటల్లోవి.

పారెయ్యడం కూడా అంత సులువు కాదు. కబాడీవాలా ఇనుము, పాత పేపరు, సీసాలు తూస్తాడు. మెత్తటి పీవీసీ బొమ్మ, గట్టి ప్లాస్టిక్ పీట, పైన రంగులు, ఇన్ని కలిసిన సరుకు అతనికి పనికిరాదు. చలికాలం క్వార్టర్ల ముందు ఆకులూ చెత్తా పోగేసి మంట వేసుకునే అలవాటు మా దగ్గరుంది. దయచేసి ప్లాస్టిక్ బొమ్మల్ని అందులో వెయ్యకండి. పీవీసీ కాలితే హైడ్రోజన్ క్లోరైడ్, డయాక్సిన్ల లాంటి విషాలు వస్తాయి. చలి కాచుకుంటున్న పిల్లలు ఆ పొగే పీలుస్తారు. మన ఛత్తీస్‌గఢ్‌లోనే అంబికాపూర్‌లో స్వచ్ఛతా దీదీలు ఊరి చెత్తని చేత్తో విడదీస్తారు. 2019లో అక్కడ కిలో ప్లాస్టిక్ తెచ్చినవారికి భోజనం పెట్టే కేఫ్ కూడా మొదలైంది. విరిగినవాటిని పొడి చెత్తలో విడిగా కట్టి ఇవ్వడం మనం చెయ్యగలిగిన కనీసపు పని. చెత్త విడదీసేవాళ్ల చేతులు మన వంటింటి తడి చెత్తలో బొమ్మల ముక్కలు వెతకకూడదు.

ఇంకొందరు పెట్టె మొత్తం అంగన్‌వాడీ గుమ్మంలో పెట్టి పుణ్యం వచ్చిందనుకుంటారు. అది నాకు కోపం తెప్పించే పని. ఆ చిన్న కత్తులు, ఊడిన చేతులు మూడేళ్లలోపు పిల్లల గొంతులో ఇరుక్కుంటాయి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు బీఐఎస్ ముద్ర తప్పనిసరి చేశారు. అంతకుముందెప్పుడో పరదేశంలో కొన్న ఈ బొమ్మలకు ఆ ముద్ర ఉండదు. కాబట్టి ఇచ్చేవాళ్లే చూసి ఇవ్వాలి. రంగు పెచ్చులూడేవి, విరిగినవి నేను తీసేశాను. మిగతావి పదేళ్లు దాటిన పిల్లలకే అనుకున్నాను.

సంక్రాంతికి బొమ్మలకొలువు పెట్టే ఇళ్లు మావి. ఏటా ఒక్క కొత్త బొమ్మైనా కలపాలని మా అత్తగారు పట్టుబట్టేవారు. బొమ్మ దాచడంలో ఉన్న సంతోషం నాకు తెలియనిది కాదు. కానీ కొలువు బొమ్మ ఏటా పెట్టెలోంచి బయటికొస్తుంది, పేరంటానికి వచ్చిన పదిమంది కళ్లలో పడుతుంది. అటక దిగని బొమ్మకి ఆ యోగం లేదు.

వేసవి సెలవుల్లో మా వరండాలో చాప పరిచి, సున్నంతో గళ్లు గీసి పిల్లల్ని పిలిచాను. రంగుల కార్డు మీది ఇంగ్లీషంతా హిందీలో, తెలుగులో ఒక కాగితం మీద తేలిక మాటల్లో రాసిపెట్టాను. అబ్బాయి ఫోనులో నియమాలు చెప్పాడు. వెనక వరస ట్రాక్ మెయింటైనర్ గారి పిల్లలు, ఎదురింటి టీటీఈ గారి అమ్మాయి, బుధవారీ బజార్‌లో కూరగాయలమ్మే ఆవిడ కొడుకు వచ్చారు. తెలుగు, హిందీ, ఛత్తీస్‌గఢీ కలిసిపోయాయి. పేరు తెలియని ముసుగువాళ్లకు వాళ్లే పేర్లు పెట్టారు. ఒకడు పాయింట్స్‌మన్ అయ్యాడు, ఒకడు టీసీ. రెండు పాచికల మీద ఏడు ఎక్కువసార్లు ఎందుకు పడుతుందని టీటీఈ గారి అమ్మాయి అడిగింది. బోర్డు మీద సంభావ్యత చెప్పినన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగించడానికి నేనెంతో పాటుపడేదాన్ని. ఇక్కడ ఆట అడిగించింది. దీన్ని మించిన ధర ఆ బొమ్మలకు ఏ బజారులోనూ రాదు.

మేం క్వార్టర్ ఖాళీ చేస్తే ఆ వరండా ఉండదు. అందుకే ఈ విన్నపం. రైల్వే ఇన్‌స్టిట్యూట్లలో క్యారమ్ బల్లలున్నాయి, టేబుల్ టెన్నిస్ ఉంది, లైబ్రరీ ఉంది. వాటి పక్కన తాళం వేసే ఒక అల్మారా పెట్టండి. ఉద్యోగుల వినోదానికి, పిల్లల శిబిరాలకు ఖర్చు పెట్టడానికి స్టాఫ్ బెనిఫిట్ ఫండ్ ఉండనే ఉంది. ఒక అల్మారా ఖరీదు దానికి భారం కాదు. క్వార్టర్ ఖాళీ చేసే ప్రతి కుటుంబం తమ ఇంట్లో మిగిలిన ఆటల్ని అక్కడ అప్పగించే వీలుండాలి. బేబ్లేడ్లు, ట్రంప్ కార్డులు, చదరంగం, మా హీరోక్లిక్స్, ఏవైనా సరే. ఏటా పోరా పండక్కి ఈ ఊళ్లో పిల్లలకు మట్టి ఎద్దులు, చిన్న తిరగళ్లు కొనిస్తారు. ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం అల్మారా తెరిచి కొత్తగా చేరిన ఆటలు నేర్పితే బాగుంటుంది. నేర్పడానికి రిటైరైన వాళ్లం మేమున్నాం, ఇద్దరు ముగ్గురు టీచర్లు ఇప్పటికే ఒప్పుకున్నారు.

అటక మీద పెట్టె ఉన్న తల్లిదండ్రులకు ఒక మాట. ముందు మీ అబ్బాయినో అమ్మాయినో అడగండి, ఉంచుకోదలచినవి వాళ్లనే తీసుకోనివ్వండి. విరిగినవి వేరు చెయ్యండి. పాచికలు, పటం, నియమాల కాగితం బొమ్మలతో కలిపి ఒకే డబ్బాలో పెట్టండి, నియమాలు మన భాషలో ఒక పేజీ రాసి పైన అంటించండి. మీ పిల్లలు ఊళ్లో ఉంటే వాళ్లనే వచ్చి ఒక పూట ఆడించమనండి. ఇవన్నీ సామాను లారీ గుమ్మంలోకి రాకముందే చెయ్యండి.