నిలబడి పరుగెత్తే కారు!

స్పీడోమీటరు ముల్లు నూట ఇరవై మైళ్లు దాటింది. ఇంజను చెవులు చిల్లులు పడేలా అరుస్తోంది. వెనక చక్రాలు కంటికి ఆననంత జోరుగా తిరుగుతున్నాయి. కారు మాత్రం ఉన్నచోటి నుంచి అంగుళం కదల్లేదు! కదలకుండా దాన్ని ముందూ వెనకా లావుపాటి పట్టీలతో నేలకు బిగించేశారు మరి. కొద్ది సెకన్లు... అంతే, ఇంజను చల్లబడింది. పక్కనున్న కంప్యూటరు తెర మీద రెండు వంపు గీతలు, వాటి కింద ఒక అంకె. కారు యజమాని అద్దం దించి ఆత్రంగా తొంగి చూశాడు. చుట్టూ ఉన్నవాళ్లలో ఒకరు ఈల వేశారు. ఇంకొకరు పగలబడి నవ్వారు.

అమెరికాలో కార్ల క్లబ్బులు సెలవు రోజుల్లో జరుపుకునే ‘డైనో డే’ సందడి ఇది. డైనో అంటే డైనమోమీటరు. ఇంజను సత్తాను తూచే తక్కెడ అన్నమాట. ఒక్కరే వెళ్లి పరీక్ష చేయించుకుంటే ఖర్చెక్కువ. అదే పది ఇరవై మంది కలిసి వర్క్‌షాపును ఆ రోజుకు మాట్లాడుకుంటే తలా కొంత వేసుకుని పని కానిచ్చుకోవచ్చు. మామూలుగా ఒక్కో కారుకు మూడు అవకాశాలిస్తారు. పిల్లాపాపలతో వస్తారు, బర్గర్లు తింటారు, తమ వంతు వచ్చేదాకా ఎవరి కారు గొప్పదో వాదించుకుంటారు. మన గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు చూసినవాళ్లకి ఈ వాతావరణం కొత్తేం కాదు.

పోలిక వాతావరణంతోనే ఆగదు. బండలాగుడులో చూసేదేమిటి? ఎంత బరువు, ఎంత దూరం, ఎంత సేపట్లో... అంతే కదా! పద్దెనిమిదో శతాబ్దంలో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రాలను అమ్ముకోవడానికి వేసిన లెక్క కూడా అలాంటిదే. సెకనులో సుమారు 76 కిలోల బరువును మీటరు ఎత్తుకు లేపగలిగితే ఒక అశ్వశక్తి. అంటే 746 వాట్లు. మన కార్ల ప్రకటనల్లో కనిపించే ‘పీఎస్’ దానికంటే కాస్త చిన్నది, 735.5 వాట్లు. నిజం గుర్రం కాసేపు ఇంతకు చాలా రెట్లు లాగగలదు గానీ, పేరు మాత్రం అలా నిలిచిపోయింది.

కారుతో బండ లాగించలేం కాబట్టి చక్రాల కింద బరువైన రోలర్లు పెడతారు. రోలరు బరువూ చుట్టుకొలతా ముందే తెలుసు. దాన్ని చక్రాలు ఎంత త్వరగా వేగం పట్టించాయో చూస్తే, ఎంత బలంతో తిప్పాయో కంప్యూటరు చెప్పేస్తుంది. కొన్ని యంత్రాల్లో రోలరుకు విద్యుత్ బ్రేకు కూడా ఉంటుంది. కారును నాలుగో గేరులోనో, ఇంజను వేగమే నేరుగా ముందుకు వెళ్లే మరో గేరులోనో పెట్టి, యాక్సిలరేటరును ఆఖరిదాకా తొక్కుతారు. కారు కదలదు, గాలి తగలదు. అందుకే రేడియేటరు ముందు పెద్ద ఫ్యాను పెడతారు. పాత టైర్లున్న బండిని చాలాచోట్ల ఎక్కనివ్వరు. తిరిగే చక్రాలకు ఎదురుగానో వెనకగానో ఎవరినీ నిలబడనివ్వరు. పట్టీ తెగినా, టైరు పగిలినా దెబ్బ తగిలేది అక్కడే.

కారుకూ గండం లేకపోలేదు. సైలెన్సరు గొట్టంలో ఒక సెన్సరు పెట్టి గాలీ పెట్రోలూ ఏ పాళ్లలో మండుతున్నాయో చూస్తుంటారు. సొంతంగా మార్పులు చేయించుకున్న ఇంజన్లలో పెట్రోలు తగ్గిపోతే వేడి పెరిగి పిస్టన్లే కరిగిపోవచ్చు. తెర మీద ఆ గీత అటూ ఇటూ అయిందంటే అనుభవమున్న ఆపరేటరు ఠక్కున యాక్సిలరేటరు వదిలేస్తాడు. అంకె రాలేదని యజమాని మొహం మాడ్చుకుంటాడు గానీ, నిజానికి చీటీ కన్నా విలువైన ఇంజను దక్కింది అతనికి!

అసలు చిక్కు ఆ అంకెతోనే. కంపెనీ చెప్పేది ఇంజను దగ్గరి శక్తి. డైనో కొలిచేది చక్రాల దగ్గరిది. మధ్యలో గేరుబాక్సూ, యాక్సిలూ కొంత మింగేస్తాయి. అది పదిహేను శాతమని క్లబ్బుల్లో వాడుక. అన్ని కార్లకూ ఒకటే లెక్క కాదు, కానీ పుస్తకంలో 200 అని ఉన్న కారుకి చీటీలో 170 వస్తే గుండెలు బాదుకోనక్కర్లేదు. ఎండ ముదిరినా, ఊరు ఎత్తున ఉన్నా గాలి పలచబడి శక్తి తగ్గుతుంది. దాన్ని సరిచేయడానికో సూత్రం ఉంది. పైగా ఒక్కో తయారీ యంత్రం ఒక్కోలా చూపిస్తుంది. కాబట్టి వేరే ఊళ్లో వేరే డైనో మీద వచ్చిన అంకెతో పోల్చుకోవడం దండగ. ఒకే రోజు, ఒకే యంత్రం మీద, ఒకే రకం కార్లు వరసగా ఎక్కినప్పుడే తేడాలు నిజాయతీగా తేలతాయి. బోలెడు డబ్బు పోసి కొత్త ఫిల్టర్లూ, సైలెన్సర్లూ బిగించుకున్న కారు, ఏమీ ముట్టుకోని పక్కింటాయన కారు కంటే వెనకబడటం... డైనో డేలో అందరికీ నచ్చే వినోదం అదే, ఒక్క ఆ యజమానికి తప్ప!

ఇదంతా కుర్రాళ్ల సరదా అనుకుంటే పొరపాటే. 1999లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్ కోబ్రా కారును 320 హార్స్‌పవర్ అని అమ్మింది. కొన్నవాళ్లు డైనో ఎక్కించి చూస్తే, అంతకుముందు 305 అని అమ్మిన కోబ్రాను మించిందేమీ కనిపించలేదు. ఒకరిద్దరైతే ‘మీ కారులోనే ఏదో లోపం’ అని తోసిపుచ్చేవాళ్లేమో! చీటీలు పెరిగాయి, పత్రికలూ పరీక్షించాయి. ఆ ఆగస్టులో ఫోర్డ్ అమ్మకాలు ఆపేసి, అప్పటికే అమ్మిన కార్లను వెనక్కి పిలిచింది. గాలి లోపలికి వెళ్లే మానిఫోల్డు, పొగ గొట్టాలు, ఇంజను కంప్యూటరు మార్చి ఇచ్చింది. 2000 సంవత్సరానికి మామూలు కోబ్రా బజారులోకే రాలేదు. 2003లో మాజ్దా వంతు. ఆర్ఎక్స్-8 కారుకు మొదట 250 అని ప్రకటించి, తర్వాత 247 అని, చివరికి 238 దగ్గర తేల్చింది. కావాలంటే కారు తిరిగిచ్చేయండి, లేదంటే ఉచిత సర్వీసింగుతోపాటు 500 డాలర్లు తీసుకోండి అంది.

అంతకుముందు ఇంకా విచిత్రం. 1971 దాకా అమెరికా కంపెనీలు ఇంజనును ఒంటరిగా బల్ల మీద పెట్టి, ఫ్యానూ సైలెన్సరూ లేకుండా కొలిచి అదే శక్తి అని చెప్పుకునేవి. 1972లో అన్నీ తగిలించి కొలవడం మొదలయ్యేసరికి కాడిలాక్ ఎల్డొరాడో ఇంజను 365 నుంచి 235కి పడిపోయింది! ఇంజను బలహీనపడి కాదు, ఎక్కువగా కొలత మారే. 2005లో అక్కడి ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం మరో అడుగు వేసింది. సంఘం ధ్రువపత్రం కావాలంటే పరీక్ష జరుగుతుండగా బయటి సాక్షి పక్కనే ఉండాలి.

ఈ పోరు కార్లకంటే ముందు పొలాల్లో మొదలైంది. నెబ్రాస్కా రాష్ట్రంలో విల్మట్ క్రోజియర్ అనే రైతు ‘ఫోర్డ్’ పేరు చూసి ఒక ట్రాక్టరు కొన్నాడు. తీరా అది హెన్రీ ఫోర్డ్‌ది కాదు. ఆ ఇంటిపేరున్న వేరే మనిషిని చేర్చుకుని మినియాపొలిస్‌లో ఎవరో తయారుచేసింది. పొలంలో అది మొరాయించడంతో విసిగిపోయిన క్రోజియర్, శాసనసభ్యుడయ్యాక 1919లో చట్టం తేవడంలో ముందు నిలిచాడు. పరీక్షకు నిలబడని ట్రాక్టరును రాష్ట్రంలో అమ్మకూడదు, ఫలితాలు అందరికీ తెలియాలి. మరుసటి ఏడాది నుంచి లింకన్‌లోని విశ్వవిద్యాలయంలో పరీక్షలు మొదలయ్యాయి. మన దేశంలో ట్రాక్టర్లను ఇలా తూచే కేంద్రం మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో ఉంది. వ్యవసాయ యంత్రాల శిక్షణకూ పరీక్షలకూ దక్షిణాదికి పెట్టిన సంస్థ మరెక్కడో కాదు, అనంతపురం జిల్లా గార్లదిన్నెలోనే ఉంది.