కెనడా కాదు... కోకనాడ!

లింగంపల్లి నుంచి కాకినాడకి వెళ్లే ఏసీ రైలొకటుంది. పేరు కోకనాడ ఎక్స్‌ప్రెస్. పటాన్‌చెరు, కర్దనూర్ చుట్టుపక్కల కంపెనీల్లో పనిచేసే గోదావరి జిల్లాలవాళ్లకి అది సంక్రాంతి రైలు, పెళ్లిళ్ల రైలు. కొత్తగా ఆ పేరు విన్న కుర్రాళ్లెవరైనా ‘కోకనాడ అంటే కెనడాలో ఊరా?’ అనడిగితే నవ్వకండి. ఆ అనుమానం పెద్దవాళ్లకీ వచ్చింది. వచ్చి ఊరుకోలేదు, దాని మీద ఏకంగా ఓ కథే అల్లేశారు!

కథేంటంటే... కెనడా నుంచి మిషనరీలు ఓడ దిగారట. సముద్రం, చెట్లు, తీరం చూసి మురిసిపోయి ‘అచ్చం మా కెనడాలాగే ఉందే’ అన్నారట. దాంతో ఈ ఊరు ‘కో-కెనడా’ అయ్యిందట! వినడానికి బాగానే ఉంది. మిషనరీలు వచ్చిన మాటా నిజమే. జాన్ మెక్లారిన్ అనే కెనడా బాప్టిస్టు 1874లో ఇక్కడ మిషన్ పెట్టాడు. మెక్లారిన్ హైస్కూలు ఆయన పేరు మీద వెలిసిందే. అయితే అప్పటికి ఎనిమిదేళ్ల ముందే, 1866లో, ఊరికి మున్సిపాలిటీ వచ్చింది. అంతకుముందు నుంచీ తెల్లదొరల కాగితాల్లో కోకనాడే. ఇక జగన్నాథపురంలో డచ్చివాళ్లయితే 1825 దాకా వ్యాపారం చేసుకున్నారు. కాబట్టి కెనడాకి ఇందులో వాటా లేదు. సంస్కృతం వచ్చినవాళ్లు కోకనదం అంటే ఎర్రతామర అని ఇంకో అర్థం చెబుతారు. అదీ కథే కావచ్చు. కానీ కెనడా కథకన్నా అందంగా ఉంటుంది.

వాంకూవర్ లాంటి తీరనగరాలు తమ ఊళ్లో పుట్టిన గాయకుల పేర్లూ నటుల పేర్లూ గర్వంగా చెప్పుకుంటాయి. కాకినాడ కూడా ఆ పని మొదలుపెడితే? ఎస్వీ రంగారావు, అంజలీదేవి, ఆదినారాయణరావు, రేలంగి, సూర్యకాంతం, రావు గోపాలరావు, సి.పుల్లయ్య... వీళ్లలో కొందరు ఆ ఊళ్లో పుట్టారు, కొందరు దగ్గర పల్లెల్లో పుట్టారు, ఇంకొందరు చదువుకోసం వచ్చారు. కానీ ముఖానికి రంగేసుకోవడం నేర్చింది ఎక్కువమంది ఇక్కడే. ఎవరినైనా కారణం అడగండి, ‘గోదావరి నీళ్ల మహిమండీ’ అనేస్తారు. ఆ నీళ్లే తాగే ఊళ్లు వందలున్నాయి కదా, మరి వాటన్నిటి నుంచీ రంగారావులు రాలేదేం? మహిమ నీళ్లది కాదు. ఒక కాలేజీ, ఒక క్లబ్బు, కెమెరా ఉన్న ఒక మనిషి... ఇవి ఒకేచోట కుదరడం వల్ల జరిగిన సంగతి ఇది.

అమెరికాలో అంతర్యుద్ధం జరిగిన 1860ల్లో పత్తికి గిరాకీ పెరిగి కాకినాడ రేవు దశ తిరిగింది. దాని పొరుగు రేవు కోరంగి పూడిపోతుంటే ఇది పెరిగింది. రేవుంటే ఆఫీసులుంటాయి, ఆఫీసులుంటే గుమాస్తాలుంటారు, గుమాస్తాలకి సాయంత్రాలుంటాయి! పిఠాపురం రాజావారి కాలేజీ ఉండటంతో నాలుగు మూలల నుంచీ కుర్రాళ్లొచ్చేవారు. సంగీతానికి సరస్వతీ గానసభ ఉండనే ఉంది. తమాషా ఏంటంటే, 20వ శతాబ్దం మొదట్లో పీఆర్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా ఉన్న రఘుపతి వెంకటరత్నంనాయుడు భోగంమేళాలు ఉండకూడదని ఉద్యమం నడిపిన మనిషి. ఆయన కాలేజీ ఉన్న ఊళ్లోనే నాటకాల పిచ్చి అంతకంతకూ పెరిగింది. మరి ఆడవేషాలు ఎవరు వేసేవారంటే... మగవాళ్లే! తర్వాత్తర్వాత రాష్ట్రాన్నంతా నవ్వించిన రేలంగి కూడా కుర్రతనంలో చీరకట్టి వేషాలేసినవాడే.

సి.పుల్లయ్య అసలు పేరు చిత్తజల్లు పుల్లయ్య. 1898లో కాకినాడలోనే పుట్టాడు. సినిమా అంటే కదిలే బొమ్మ మాత్రమే అయిన రోజుల్లో మద్రాసు వెళ్లి, రఘుపతి వెంకయ్య కొడుకు ప్రకాశ్ దగ్గర ఆ విద్య నేర్చుకున్నాడు. నేర్చుకుని మద్రాసులో ఉండిపోకుండా ఊరికి తిరిగొచ్చాడు. 1920ల నడుమ ‘భక్త మార్కండేయ’ మూకీ సినిమాని కాకినాడలోనే తీశాడు. స్టూడియో ఏదంటే ఆయన ఇల్లే! ఊళ్లోని నాటకాలవాళ్లే నటులు. ఈరోజుల్లో సెల్‌ఫోన్‌తో షార్ట్ ఫిల్మ్ తీసే కుర్రాళ్లు ఆయన ఫొటో ఒకటి గోడకి తగిలించుకోవచ్చు.

కానీ ఇంట్లో ఎన్నాళ్లని తీస్తాడు? మాటలొచ్చాక సినిమాకి స్టూడియో కావాలి, శబ్దాన్ని పట్టే యంత్రాలు కావాలి, పెట్టుబడి కావాలి. రేవుపట్నంలో బియ్యానికీ పత్తికీ డబ్బు పెట్టేవాళ్లున్నారుగానీ బొమ్మలకి ఎవరు పెడతారు? పుల్లయ్య కలకత్తా దారి పట్టాడు. ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి ‘సతీ సావిత్రి’ (1933), ‘లవకుశ’ (1934) తీశాడు. ఆ లవకుశ కోసం పల్లెల నుంచి జనం బళ్లు కట్టుకుని వచ్చారన్న మాట ఇప్పటికీ వినబడుతుంది. ఆయన ఊరు వదిలాడేగానీ ఊరి మనుషుల్ని వదల్లేదు. 1935లో ‘శ్రీకృష్ణ తులాభారం’ తీసినప్పుడు కాకినాడ నాటకాల రేలంగిని తెరమీదకి తెచ్చాడు. వేషం చిన్నదే. పెద్ద వేషం కోసం రేలంగి మరో పదమూడు, పద్నాలుగేళ్లు ఆగాల్సొచ్చింది. ఆ మధ్యకాలమంతా పుల్లయ్య దగ్గర ప్రొడక్షన్ పనులు చేశాడు, నటుల్ని కుదిర్చిపెట్టాడు, చెప్పిన పనల్లా చేశాడు. ‘గుణసుందరి కథ’ (1949) రోజులకిగానీ ఆయన దశ తిరగలేదు. 1970లో పద్మశ్రీ వచ్చేసరికి ఆయన పేరు చెబితేనే జనం నవ్వడానికి సిద్ధమైపోయేవారు.

ఇక క్లబ్బు. పేరు యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్. పేరు చూస్తే పేకాట క్లబ్బనిపిస్తుంది గానీ అది నాటకాల బడి. అక్కడ వేషం వేసినందుకు జీతం ఇవ్వరు. పగలు ఉద్యోగం, చదువు... సాయంత్రం రిహార్సల్. టిక్కెట్లు తెగకపోతే పస్తులుండాల్సిన పనిలేదు కాబట్టి బాగా కుదిరేదాకా ఓపిగ్గా చేసుకునేవారు. నాటకమే బతుకుతెరువైన కంపెనీలకి ఆ సుఖం లేదు.

ఎస్వీ రంగారావు పుట్టింది నూజివీడులో, 1918లో. పీఆర్ కాలేజీలో బీఎస్సీ చదవడానికి వచ్చి ఆ క్లబ్బులో చేరాడు. డిగ్రీ అయ్యాక అగ్నిమాపకశాఖలో ఆఫీసరుగా బందరులో, విజయనగరంలో పనిచేశాడు. సినిమా పిలిస్తే ఉద్యోగం వదిలి ‘వరూధిని’లో ప్రవరుడయ్యాడు. సినిమా ఆడలేదు. మరి వేషాలు రాలేదు. ఏం చేస్తాడు? జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో కొలువు చూసుకున్నాడు. పటాన్‌చెరులో షిఫ్టుకెళ్లే మనిషికి ఆ జంషెడ్‌పూర్ రోజులు ఎలా గడిచి ఉంటాయో విడమర్చి చెప్పక్కర్లేదు. మళ్లీ పిలుపొచ్చి మద్రాసు చేరాడు. 1951లో ‘పాతాళభైరవి’ మాంత్రికుడయ్యాక ఇక వెనక్కి చూసిందిలేదు. ‘నర్తనశాల’ కీచకుడికి 1964లో జకార్తా ఆఫ్రో-ఏషియన్ ఉత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. మనవాళ్ల నుంచి పద్మ పురస్కారం మాత్రం రాలేదు. 1974లో ఆయన పోయారు. 2013లో మాత్రం తపాలా బిళ్ల వేశారు.

అదే క్లబ్బులో ఓ పిల్ల. పెద్దాపురంలో పుట్టిన అంజనీకుమారి. లోహితాస్యుడి వేషంతో నటన మొదలెట్టింది. ఆడవేషాలకి కూడా మగవాళ్లే చీరలు కడుతున్న కాలంలో ఒక ఆడపిల్ల స్టేజీ ఎక్కడమంటే ఊరి నోళ్లన్నీ మూయించాల్సిందే. ఆ పిల్లకి ఆటా పాటా నేర్పించి, నాటకాలు వేయించి, తర్వాత పెళ్లాడినవాడు ఆదినారాయణరావు. పాటలు కట్టేవాడు, నాటకాలు రాసేవాడు, ఆడించేవాడు... అన్నీ ఆయనే. ఇద్దరూ కలిసి వేసిన ‘స్ట్రీట్ సింగర్’ బాగా పేరు తెచ్చింది. మళ్లీ పుల్లయ్య కన్ను పడింది! ‘గొల్లభామ’ (1947)లో మోహిని వేషం ఇచ్చాడు. అంజనీకుమారిని అంజలీదేవిగా మార్చిందీ ఆయనే.

ఆ జంట మద్రాసులో అంజలీ పిక్చర్స్ పెట్టింది. కాకినాడ హార్మోనియం ఎంతదూరం వెళ్లిందో తెలుసుకోవాలంటే ‘సువర్ణసుందరి’ (1957) చూడాలి. సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్... నాలుగు రాగాల్ని ఒక్క యుగళగీతంలో దండ గుచ్చాడు ఆదినారాయణరావు. తెలుగులో ఘంటసాల, జిక్కీ పాడారు. హిందీలో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. బొంబాయివాళ్లు తమ పాటే అనుకున్నారు. దాని పుట్టుపూర్వోత్తరాలు ఉత్తరాదిలో చాలామందికి ఇప్పటికీ తెలియవు.

అన్నట్టు, పుల్లయ్య లవకుశని రెండోసారీ మొదలుపెట్టాడు, ఈసారి రంగుల్లో. డబ్బులాడక షూటింగు మధ్యలో ఆగింది. ఏళ్లు గడిచాక మిగతాది ఆయన కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేసి 1963లో విడుదల చేశాడు. పూర్తి నిడివిలో రంగుల్లో వచ్చిన మొదటి తెలుగు సినిమా అది. రాముడు ఎన్టీఆర్. ఆ సంగతి అందరికీ తెలుసు. మరి సీత? అంజలీదేవి. అందులో రేలంగి ఉన్నాడు. సూర్యకాంతం ఉంది. డైరెక్టరు కాకినాడ, సీత కాకినాడ క్లబ్బు, చాకలి కాకినాడ క్లబ్బు! హ్యాపీ క్లబ్బువాళ్లు అయోధ్యకి కాపురం వచ్చారనుకున్నా తప్పులేదు.

సూర్యకాంతం గురించి రెండు మాటలు చాలు, ఎక్కువ చెబితే ఆవిడే విసుక్కునేది. కాకినాడ దగ్గర వెంకటకృష్ణరాయపురం ఆవిడ ఊరు. ‘గుండమ్మ కథ’ (1962) వచ్చాక తెలుగు ఇళ్లలో ఆడపిల్లకి ఆ పేరు పెట్టాలంటే భయపడ్డారు. ఎవరి నటనకైనా అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఉంటుందా?

ఇందులో కాస్త చేదు కూడా ఉంది. కాకినాడలో సినిమా రోడ్డు ఉంది. సినిమా చూపించడానికి రోడ్డే ఉన్న ఊళ్లో సినిమా తీయడానికి మాత్రం స్టూడియో రాలేదు. అందుకని నేర్చుకున్నవాళ్లంతా మద్రాసు రైలెక్కారు. ఎక్కనివాళ్లు? రంగారావుతో సమానంగా అదే స్టేజీ మీద పద్యం పాడి, తెల్లారి ఆఫీసులో హాజరు పట్టీలో సంతకం పెట్టిన గుమాస్తాలు, పంతుళ్లు ఎంతోమంది ఉండి ఉంటారు. వాళ్లు లేకుండా రంగారావు ఒక్కడే నాటకం ఆడలేదు కదా! సినిమాకెళ్లినవాళ్ల పేర్లు పుస్తకాలకెక్కాయి. వీళ్లవి నాటకాల కరపత్రాల్లో అచ్చయ్యాయి. కరపత్రాల్ని ఎవరు దాచుకుంటారు?

ఆ వరసలో చివరగా బండెక్కినవాడు రావు గోపాలరావు. కాకినాడ దగ్గర గంగనపల్లిలో 1937లో పుట్టాడు. నాటకాల్లో రాటుదేలాడు. స్టేజీ మీద ఆయన్ని చూసి సినిమావాళ్లకి చెప్పింది ఎస్వీ రంగారావేనని చెప్పుకుంటారు. అంటే హ్యాపీ క్లబ్బులో నేర్చినవాడు ఇంకో నాటకాల మనిషికి దారి చూపించాడన్నమాట. 1975లో బాపు-రమణల ‘ముత్యాల ముగ్గు’ వచ్చింది. అందులో గోపాలరావు కంట్రాక్టరు. అరవడు, మీసం మెలెయ్యడు... తీరిగ్గా, గోదావరి యాసలో, పొద్దున్నే ఆకాశాన్ని చూస్తూ మాట్లాడతాడు. విలన్ అలా కూడా ఉంటాడని అప్పటిదాకా ఎవరికీ తెలియదు. ఆ మాటల్ని గ్రామఫోను రికార్డులుగా వేసి అమ్మారు. పెళ్లిపందిళ్లలో మైకుసెట్టువాళ్లు పాటలు ఆపి, ఆ మాటలు పెట్టేవారు.