టానిక్ సీసా వెనక లెక్క

వరి పొట్టకొచ్చే వేళ ఎరువుల కొట్టుకు పోయిన కౌలురైతు అడిగింది యూరియా. కొట్టువాడు దాంతోపాటు ఒక చిన్న సీసా చేతిలో పెట్టి, "ఈ టానిక్ కొట్టవయ్యా, కంకి జానెడొస్తుంది. డబ్బులకేం, ఖాతాలో రాసుకుంటాలే" అన్నాడు. సీసాలో ఏముందో రైతు అడగలేదు. అడిగినా కొట్టువాడికి తెలియదు. మందు కొట్టిన కూలీ "ఇదేం మందన్నా?" అని నన్నడిగితే నాకూ తెలియలేదు. నేను బడిలో చదివింది తక్కువ. తెలిసినవాళ్ళ వెంటబడి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

మనిషి ఒంట్లో లాగే మొక్కలోనూ హార్మోనులున్నాయి. వాటిలో స్టెరాయిడ్ జాతివి బ్రాసినోస్టెరాయిడ్లు. తేనెటీగలు పోగుచేసిన ఆవజాతి మొక్కల పుప్పొడి 227 కిలోల నుంచి కేవలం 4 మిల్లీగ్రాముల బ్రాసినోలైడ్‌ను వేరుచేసినట్టు 1979లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఈ హార్మోను కణం పైపొర మీది గ్రాహకానికి తగలగానే, లోపల ఎదుగుదలకు వేసివున్న బ్రేకు సడలుతుంది. కణం సాగుతుంది. మన కొట్లలో అమ్మే హోమోబ్రాసినోలైడ్ ఈ కోవలోదే. 0.04 శాతం మందంటే లీటరులో అర గ్రాము కూడా ఉండదు. అంత పిసరే చాలు. మోతాదు మించితే వేరు ఎదుగుదలే కుంటుపడుతుంది.

దీన్ని అడ్డుకునే రసాయనాలూ ఉన్నాయి. బ్రాసినజోల్ అలాంటిది. పాముపొడ తెగులుకు మనం కొట్టే ప్రొపికొనజోల్ సైతం మొక్కలో ఈ హార్మోను తయారీని ఆపగలదని 2012లో మొక్కజొన్న మీద చేసిన పరిశోధనలో తేలింది. తెగులు మందు తెగులునే తాకుతుందనుకోవడం పొరపాటు.

మరి హార్మోను ఎంత ఎక్కువైతే పంట అంత ఎక్కువా? కాదు. ఈ హార్మోను తక్కువగా ఉన్న ఒక వరి రకం ఆకులు నిటారుగా నిలిచి, ఒత్తుగా నాటినప్పుడు అదనపు ఎరువు లేకుండానే ఎక్కువ దిగుబడినిచ్చిందని 2006లో జపాన్ శాస్త్రజ్ఞులు చూపించారు. ఏ నేలలో, ఏ దశలో, ఎంత అన్నదే అసలు లెక్క. ఆ లెక్క చెప్పకుండా సీసా అంటగట్టడం శాస్త్రం కాదు, బేరం.

నేను శాస్త్రానికి వ్యతిరేకిని కాను. కానీ హార్మోను పైరుకు తిండి కాదు. నీరూ నత్రజనీ లేని చేనుకు సంకేతం పంపితే ఏం లాభం? పంట పండితే పేరు టానిక్‌ది, ఎండితే అప్పు కౌలురైతుది. పట్టా లేదు కాబట్టి బ్యాంకు అతని మొహం చూడదు. అప్పిచ్చేది కొట్టువాడే, సలహా ఇచ్చేదీ కొట్టువాడే. అప్పున్నవాడు ఆ సీసా వద్దనగలడా?

చట్టాలు లేకపోలేదు. పురుగుమందుల చట్టం 1968లో వచ్చింది. ప్రాంతీయ భాషలో కరపత్రం, మందు కొట్టేవారికి రక్షణ దుస్తులు ఉండాలని 1971 నిబంధనలు చెప్పాయి. బయోస్టిమ్యులెంట్లను 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందకు తెచ్చారు. అయినా మా కూలీలు మూతికి తువ్వాలు చుట్టుకునే మందు కొడుతున్నారు.

కాబట్టి రైతులారా, కూలీలారా! బిల్లు లేని సీసా ముట్టకండి. అందులో ఏముందో, ఎంత శాతమో తెలుగులో చెప్పమని నిలదీయండి. కొట్టే ముందు చేతి తొడుగులు అడగండి. వ్యవసాయాధికారులు టానిక్ కొట్టిన మడినీ కొట్టని మడినీ పక్కపక్కన పెంచి, ఊరందరి ముందు తూచి చూపాలి. కౌలురైతుకు బ్యాంకు అప్పు ఇవ్వాలి. ఒక్కడు అడిగితే కొట్టువాడు కసురుతాడు. ఊరంతా కలిసి అడిగితే జవాబు చెప్పి తీరతాడు.