అత్యాశ ఎవరిది?

మోసపోయేవాళ్లు ఉన్నంతకాలం మోసం చేసేవాళ్లు ఉంటూనే ఉంటారన్న మాట మన సమాజంలో బాగా చెలామణీలో ఉంది. చీటీల డబ్బుతో ఒకడు రాత్రికి రాత్రి ఊరు వదిలి పోతే, మర్నాడు పోలీసుస్టేషన్ ముందు నిలబడిన ఆడవాళ్లకు మొదట వినిపించేది ఇదే. ఆ తర్వాత ప్రశ్నలు. ‘కాగితం లేకుండా ఎలా కట్టావు?’ ‘మీ ఆయనకు చెప్పే కట్టావా?’ ‘అత్యాశకు పోతే ఇంతే!’ నేరం చేసినవాడు పరారీలో ఉంటాడు, విచారణ మాత్రం మోసపోయిన స్త్రీ మీద మొదలవుతుంది. అత్యాచారం కేసుల్లో ‘ఆ వేళప్పుడు అక్కడికెందుకు వెళ్లావు?’ అని అడిగే సమాజమే ఇక్కడా మాట్లాడుతోంది.

ఈ అత్యాశ అనే ఆరోపణను కాస్త పరిశీలిద్దాం. 20 మంది నెలకు 5,000 చొప్పున కట్టే లక్ష రూపాయల చీటీని తీసుకోండి. తక్షణ అవసరం ఉన్నవాళ్లు తొలి నెలల్లోనే తగ్గించి పాడుకుని ఎత్తుకుంటారు. కూతురి చదువుకో, ఇంటి పైకప్పుకో అక్కరకొస్తుందని ఆగినవాళ్లు చివరిదాకా కడుతూ పోతారు. 15వ నెలలో నిర్వాహకుడు మాయమైతే పోయేది ఎవరి డబ్బు? ఎత్తుకోనివాళ్లది. అంటే అందరికంటే ఓపిగ్గా పొదుపు చేసినవాళ్లే అందరికంటే ఎక్కువ నష్టపోతారు. దీన్ని అత్యాశ అనడానికి ఎంత తెంపరితనం కావాలి!

అసలు స్త్రీలు చీటీలనే ఎందుకు నమ్ముకుంటారు? ఇళ్లలో పనిచేసే, కూరగాయలమ్మే, బీడీలు చుట్టే స్త్రీ దగ్గర మిగిలిన డబ్బు ఇంట్లో ఉంటే భర్త తాగుడికి పోవచ్చు. బ్యాంకుకు వెళ్తే ఆ పూట కూలి పోతుంది. అప్పు అడిగితే తాకట్టు పెట్టడానికి ఆమె పేరున ఆస్తి లేదు. ఈ మూడు ఇబ్బందులకూ వీధి చివరి చీటీయే ఆమెకు దొరికిన దారి. ఇది అమాయకత్వం కాదు, ఉన్న పరిస్థితుల్లో వేసుకున్న లెక్క. అయితే ఇంట్లో తెలియకుండా దాచుకోవాల్సి రావడమే మోసగాడికి పెట్టుబడి. ఆమె బయటపడి ఫిర్యాదు చెయ్యలేదని అతనికి ముందే తెలుసు.

పోనీ చట్టం లేదా? 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఇలాంటి చీటీని ముందస్తు అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా నడపడం నేరం. సభ్యులతో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. నిర్వాహకుడు చీటీ మొత్తానికి హామీ చూపాలి. 2019 సవరణ పరిమితిని పెంచిన తర్వాత కూడా ఒక వ్యక్తి నడిపే చీటీల మొత్తం 3 లక్షలు దాటకూడదు. అదే ఏడాది అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ మరో చట్టం వచ్చింది. మరి ఏళ్ల తరబడి చీటీలు నడిపేవాడు బస్తీలో అందరికీ కనిపిస్తూ, అధికారులకు మాత్రమే ఎందుకు కనిపించడు? ఈ ప్రశ్న అడగకుండా స్త్రీలను జాగ్రత్తగా ఉండమనడం, రాజ్యం తన బాధ్యతను మన నెత్తిన రుద్దడమే.

కాగితాలూ ఆఫీసులూ ఉన్నచోటయినా రక్షణ ఉందా? విజయవాడ కేంద్రంగా నడిచిన అగ్రిగోల్డ్ పలు రాష్ట్రాల్లో సుమారు 32 లక్షల మంది నుంచి 6,000 కోట్లకు పైగా సేకరించి, తిరిగి చెల్లించలేక చేతులెత్తేసింది. బాధితులూ ఏజెంట్లూ సంఘం పెట్టుకుని ఏళ్ల తరబడి రోడ్డెక్కారు. ఆ తర్వాతే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019లో 10,000 లోపు, 2021లో 20,000 లోపు కట్టినవాళ్లకు డబ్బు ఇచ్చింది.

ఇప్పుడు మోసం ఫోన్లోకి వచ్చింది. 2020 లాక్‌డౌన్‌లో పనులు పోయినవాళ్లకు లోన్ యాప్‌లు నిమిషాల్లో అప్పులిచ్చాయి. ఫోన్లోని నంబర్లూ ఫోటోలూ లాక్కుని, బంధువులకు సందేశాలు పంపి పరువు తీశాయి. ఆ ఏడాది చివర తెలంగాణలో ఇది ఆత్మహత్యల దాకా వెళ్లింది. నంబర్ల జాబితా, కాల్ వివరాలు యాప్‌లు తీసుకోరాదని రిజర్వు బ్యాంకు చెప్పింది 2022లో! ఇక్కడ కూడా వాళ్ల ఆయుధం వడ్డీ ఒక్కటే కాదు, స్త్రీకి ‘పరువు’ పేరుతో నేర్పిన భయం.

జాగ్రత్త అక్కర్లేదని నేననడం లేదు. అది ఒంటరి స్త్రీ మౌనంగా మొయ్యాల్సిన సుగుణంగా ఉండకూడదంటున్నాను. చీటీ కట్టే ముందు అనుమతి కాగితం అడగడం, ప్రతి నెలా రశీదు తీసుకోవడం, పాట వివరాలు రాయించడం ఒక్కరు చేస్తే ‘అనుమానపు మనిషి’ అంటారు. 20 మందీ కలిసి అడిగితే అది నియమం అవుతుంది. మన సంఘాల సమావేశాల్లో ఆరోగ్యం, హింస గురించి మాట్లాడినట్టే డబ్బు గురించీ మాట్లాడదాం. ఎవరు ఎక్కడ కడుతున్నదీ కనీసం ఇద్దరు తోటి సభ్యులకు తెలిసి ఉండాలి. ఫోన్ ద్వారా డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా వెంటనే 1930కి ఫోన్ చేయించాలి. ‘ఇది సివిల్ తగాదా’ అని పోలీసులు తిప్పి పంపితే అందరం కలిసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, ఎఫ్.ఐ.ఆర్. ప్రతి తీసుకునేదాకా కదలకూడదు.

మోసపోయిన స్త్రీ మన దగ్గరకు వచ్చినప్పుడు ‘ఎందుకు కట్టావు?’ అని మనం కూడా మొదలుపెడితే ఆమె మళ్లీ రాదు. ‘ఎవరికి కట్టావు, ఇంకా ఎవరెవరు కట్టారు?’ అని అడుగుదాం. కేసు అక్కణ్ణుంచే మొదలవుతుంది.