చలి కిందనుంచి వస్తుంది

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడిగినప్పుడు చదువు విలువ గురించో, క్రమశిక్షణ గురించో రాద్దామనుకున్నాం. అవి ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మాకంటే బాగానే రాస్తున్నారు. అందుకని మేము చలి గురించి రాయదలచాం. మేము అంటే, ఈ హాస్టల్లో ఆరో తరగతి నుంచి పదో తరగతి దాకా ఒకే గోడ వారన పెట్టెలు పెట్టుకుని, ఒకే వరసలో పడుకున్న ముగ్గురం. ఇప్పుడు వేర్వేరు చోట్ల పి.జి. చదువుతున్నాం. ముగ్గురి ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా మాతోనే మొదలు. కలం పట్టింది ఒకరే అయినా మాట ముగ్గురిదీ.

2025 జనవరిలో, సంక్రాంతి సెలవుల్లో, లంబసింగి వెళ్ళాం. తెలియని తమ్ముళ్ళ కోసం చెబుతున్నాం. అది అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలో, సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. చలికాలంలో కొన్ని రాత్రులు ఉష్ణోగ్రత సున్నా దగ్గరకు పోతుంది. మంచు చూడటానికి కార్లలో జనం వస్తారు. మా దగ్గర గది అద్దెకు డబ్బు లేదు. అందుకని హ్యామక్‌లలో పడుకుందామన్నాడు మాలో ఒకడు. హ్యామక్ అంటే ఏదో గొప్ప వస్తువు కాదు, రెండు చెట్ల మధ్య కట్టే గుడ్డ ఉయ్యాల. ఆ మాట కరీబియన్ దీవుల్లో ఉండే తైనో ప్రజలది. 1492లో కొలంబస్ మనుషులు అక్కడి జనం అలా పడుకోవడం చూశారు. తర్వాత యూరప్ ఓడల్లో నావికులకు అవే పడకలయ్యాయి. పొలం గట్టున వేపకొమ్మకు కట్టిన అమ్మ పాత చీరలో పెరిగినవాళ్ళం మేము, అదే ఉయ్యాలను ఆన్‌లైన్‌లో డబ్బు పోసి కొన్నాం. ఈ సంగతి ఇళ్ళలో ఇంతవరకు చెప్పలేదు.

ఒక గిరిజన రైతు తన కాఫీ తోటలో కట్టుకోమన్నాడు. అక్కడ కాఫీకి నీడగా సిల్వర్ ఓక్ చెట్లు పెంచి, వాటికి మిరియాల తీగలు పాకిస్తారు. తీగ లేని చెట్లు చూసి, బెరడు కోసుకుపోకుండా వెడల్పాటి పట్టీలతో కట్టమన్నాడు. అంతవరకు విన్నాం. ఆ తర్వాత అన్నమాట వినలేదు.

"గెడ్డ పక్కన కట్టకండి బాబూ. మంచు అక్కడే దిగతాది. ఈ ఉయ్యాల్లో కిందనుంచి కోసేత్తాది సలి."

గెడ్డ పక్కన చూడటానికి బాగుందని అక్కడే కట్టాం. పైన బరకం కట్టాం. చలి లోపలికి రాకూడదని దాన్ని నాలుగు పక్కలా కిందికి లాగి, రాళ్ళు పెట్టి, గుడారంలా మూసేశాం. హాస్టల్లో కిటికీలు మూసినట్టే. రగ్గు కప్పుకుని, తల కూడా లోపలికి తీసుకుని, ఊపిరి వెచ్చగా తగులుతుంటే హాయిగానే నిద్రపోయాం. రాత్రి ఒంటిగంట దాటాక మెలకువ వచ్చింది. ఛాతీ వెచ్చగానే ఉంది. వీపు, పిరుదులు, పిక్కలు మాత్రం మొద్దుబారిపోయాయి. తెల్లవారుజామున ముఖం మీద చుక్కలు పడ్డాయి. రగ్గు పైభాగం తడి. బరకానికి చిల్లులున్నాయని, అమ్మినవాడు మోసం చేశాడని అనుకున్నాం. బయటికి వచ్చి చూస్తే ఆకాశం నిండా నక్షత్రాలు. వాన చుక్క లేదు. బరకానికి చిల్లూ లేదు. ఆ నీళ్ళు మావే.

మేము చదివిన పదో తరగతి భౌతికశాస్త్రంలో మొదటి పాఠమే ఉష్ణం. బాష్పీభవనం, సాంద్రీకరణం, ఆర్ద్రత, తుషారం. నిర్వచనాలన్నీ ఇప్పటికీ కంఠతా వచ్చు. మార్కులూ వచ్చాయి. ఆ పాఠం మా రగ్గు గురించేనని మాత్రం ఆ తెల్లవారుజామున గాని తెలియలేదు.

నిద్రపోయే మనిషి నుంచి ఊపిరి ద్వారా, చర్మం ద్వారా ఒక్క రాత్రిలో గ్లాసెడు నీరైనా ఆవిరిగా పోతుంది. ఇరవై డిగ్రీల వెచ్చటి గాలి ఘనమీటరుకు సుమారు పదిహేడు గ్రాముల ఆవిరిని పట్టుకోగలదు. అదే గాలి అయిదు డిగ్రీలకు చల్లబడితే ఏడు గ్రాములు కూడా పట్టుకోలేదు. మిగిలిన పది గ్రాములు ఎక్కడికి పోతాయి? చల్లగా ఉన్న దేన్ని తాకితే దానిమీద నీరై కూర్చుంటాయి. మబ్బు లేని రాత్రి బరకం తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి, చుట్టూ ఉన్న గాలికంటే కూడా చల్లబడుతుంది. దానికింద మూడు నోళ్ళు ఊపిరి వదులుతుంటే, బయటికి దారి లేకపోతే, అది కురవక ఏం చేస్తుంది? పైగా గెడ్డ పక్కన గాలిలో ముందే తేమ ఎక్కువ. చల్లగాలి బరువు కాబట్టి రాత్రిపూట వాలు వెంట జారి పల్లంలో నిలుస్తుంది. రైతు చెప్పినదీ ఇదే. ఆయన చెప్పడానికి రెండు మాటలు సరిపోయాయి.

ఇక వీపు సంగతి. రగ్గు వేడిని పుట్టించదు. దాని నూలు పోగుల మధ్య చిక్కుకుని కదలకుండా ఉన్న గాలే మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. మన బరువు కింద రగ్గు నలిగి చదునైతే ఆ గాలి పోతుంది, మిగిలేది ఉత్త గుడ్డ. హ్యామక్‌లో అయితే ఆ గుడ్డ కిందుగా గాలి వీస్తూనే ఉంటుంది. పైన ఎన్ని కప్పుకున్నా ప్రయోజనం లేదు, చలి వచ్చేది కిందనుంచి. రగ్గు తడిసిందా, ఇంకా నష్టం. కదలని గాలితో పోలిస్తే నీరు ఇరవై రెట్లకు పైగా వేడిని లాగేస్తుంది.

రెండో రాత్రి గట్టు మీదికి మారాం. మాలో ఒకడు ఇంటినుంచి బొంత తెచ్చుకున్నాడు. వాళ్ళమ్మ అయిదారు పాత చీరలు కలిపి కుట్టినది. దాన్ని ఉయ్యాల లోపల కాక, కింద, రెండు కొసలా తాళ్ళు కట్టి, వీపుకు తగిలీ తగలనట్టు వేలాడదీశాం. నలగదు కాబట్టి దానిలో గాలి నిలిచింది. విదేశాల్లో హ్యామక్‌లవాళ్ళు సరిగ్గా ఈ పనికే ఈకలు నింపిన పరుపులు వేల రూపాయలు పెట్టి కొంటారట. బొంత లేని ఇద్దరం గోనె సంచులు తెచ్చి, లోపల ఎండుగడ్డి, నలిపిన పాత పేపర్లు కూరి అలాగే కట్టుకున్నాం. బరకాన్ని ఎత్తుగా కట్టి, గాలి వీచే వైపు మాత్రం కిందికి దించి, రెండు కొసలూ తెరిచి ఉంచాం. ఏటవాలుగా ఉండటంతో చుక్కలు పట్టినా అంచు దాకా జారి బయట పడ్డాయి. మంకీ క్యాప్ పెట్టుకుని ముక్కూ నోరూ రగ్గు బయటే ఉంచాం. పడుకునే ముందు, పగలంతా నడిచి చెమట పట్టిన బట్టలు మార్చాం. వేరుశెనగ ఉండలు తిన్నాం. సీసాలో వేడినీళ్ళు పోసి తువాలు చుట్టి తొడల మధ్య పెట్టుకున్నాం. అయిదింటిదాకా మెలకువ రాలేదు. ఒకడు మాత్రం తడి మేజోళ్ళు మార్చడానికి బద్ధకించి రాత్రంతా కాళ్ళు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఎవడో చెప్పం, సభలో మీకే తెలుస్తుంది.

ఆ రాత్రి బరకం కింద నిప్పుల కుంపటి పెట్టుకుందామని కూడా అనుకున్నాం. రైతు ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోకపోవడం వల్లే ఈ వ్యాసం రాయగలుగుతున్నామేమో. మూసిన చోట బొగ్గులు కాలితే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే రెండువందల రెట్లకు పైగా అంటుకుంటుంది. నిద్రలో ఉన్నవాడికి ఊపిరాడటం లేదని కూడా తెలియదు. తమ్ముళ్ళూ, వంటగదినుంచి నిప్పులు పళ్ళెంలో తెచ్చి హాల్లో పెట్టుకునే అలవాటు మా రోజుల్లో ఉండేది. ఇప్పుడూ ఉంటే ఈ రోజే మానండి.

ఇదంతా చెప్పింది మా విహారయాత్ర గొప్ప కోసం కాదు. తిరుగు ప్రయాణంలో బస్సులో ముగ్గురికీ ఒకేసారి మన హాలు గుర్తొచ్చింది. డిసెంబరు వచ్చిందంటే కిటికీలన్నీ మూసేవాళ్ళం. పగిలిన అద్దాల చోట అట్టముక్కలు, పాత ఫ్లెక్సీ గుడ్డలు. పై వెంటిలేటర్లకు మేకులు కొట్టి మరీ మూసేవాళ్ళం. నలభైమంది పడుకునే హాలు. మనిషికి గ్లాసు చొప్పున లెక్క వేసుకోండి, ఎనిమిది లీటర్ల నీరు. ఒక చిన్న బకెట్టు నీళ్ళు ప్రతి రాత్రీ గోడల మీద, పెట్టెల మీద, మన దుప్పట్ల మీద చల్లుకుంటున్నట్టే. పొద్దున్నే గోడ ఎందుకు చెమ్మగిల్లేదో, ట్రంకు పెట్టెల అడుగు ఎందుకు తుప్పు పట్టేదో, దుప్పటి ఎందుకు ముక్కవాసన వేసేదో అప్పుడు తెలియలేదు. ఒకడికి దగ్గు వస్తే వారంలో వరసంతా దగ్గడం కూడా ఆ మూసిన గాలి పుణ్యమే. 2020లో కరోనా వచ్చినప్పుడు కిటికీలు తెరవండని దేశమంతా చెప్పారు. మన హాలుకు ఆ మాట ఎంతవరకు చేరిందో మీరే చెప్పాలి.

ఇక కింద కడప బండలు. ఇచ్చిన ఒక్క దుప్పటీ పైన కప్పుకునేవాళ్ళం, కింద పలచటి చాప. కదలని గాలితో పోలిస్తే రాయి పదుల రెట్లు ఎక్కువగా వేడిని లాగుతుంది. ఇద్దరు ఇద్దరు కలిసి, ఒకరి దుప్పటి కింద, ఒకరిది పైన వేసుకున్నవాళ్ళు మాలో తెలివైనవాళ్ళు. వాళ్ళను చూసి నవ్వినవాళ్ళలో మేమూ ఉన్నాం.

మాతో ఎనిమిదో తరగతిలో ఒకడుండేవాడు. లెక్కల్లో మా ముగ్గురికంటే చురుకు. వాడి చోటు తలుపు పక్కన. సంక్రాంతికి ఇంటికి వెళ్ళి తిరిగి రాలేదు. ఎందుకురా అని మనిషిని పంపితే, "రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు, క్లాసులో కూర్చోలేకపోతున్నా" అన్నాడట. చలి ఒక్కటే కారణమని మేము అనం. ఇంట్లో అప్పులున్నాయి, చెల్లెలి పెళ్ళి ఉంది. కానీ వాడు చెప్పిన కారణం అదే. ఇప్పుడు సెంట్రింగ్ పనికి పోతున్నాడు.

మా అభిప్రాయానికి అభ్యంతరాలు చెప్పేవాళ్ళున్నారు. కిటికీ తెరిస్తే దోమలు వస్తాయంటారు. నిజమే, వస్తాయి. అందుకే కింది కిటికీ కాదు, పై వెంటిలేటర్లు తెరవమంటున్నాం, వాటికి జాలీ కొట్టమంటున్నాం. వెచ్చటి తేమగాలి పైకే పోతుంది, పడుకున్నవాడి మీద నేరుగా గాలి కొట్టదు. తెరిస్తే హాలు చల్లబడదా అంటారు. కొంచెం చల్లబడుతుంది. పొడి దుప్పటిలో కొంచెం చల్లటి గదే, తడి దుప్పటిలో వెచ్చటి గదికంటే మేలని మేము రెండు రాత్రుల్లో తేల్చుకున్నాం. వార్డెన్లు మారుతుంటారు, ఎవరికి చెబుతాం అనేవాళ్ళూ ఉన్నారు. దుప్పట్లు డిసెంబరు దాటాక వస్తే ఉపయోగం లేదని, నవంబరు మొదటివారంలోపే కావాలని, పైన కప్పుకునేదే కాక కింద పరచుకునేది కూడా ఇవ్వాలని రాతపూర్వకంగా అడగడానికి వార్డెన్ గారు ఎవరైతేనేం?

అన్నిటికంటే మాకు కోపం తెప్పించే మాట మన పూర్వ విద్యార్థులదే. "మేం రాతి మీద పడుకుని చదవలేదా? ఆ కష్టమే మమ్మల్ని పైకి తెచ్చింది" అని ప్రతి వార్షికోత్సవంలో ఒక అన్నయ్య మైకు పట్టుకుని చెబుతారు. అన్నలారా, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాం. మీతోపాటు అదే రాతి మీద పడుకుని వెళ్ళిపోయినవాళ్ళకు ఆ మైకు ఎవరిచ్చారు? మిమ్మల్ని పైకి తెచ్చింది మీ పట్టుదల. వీపు కింద రాయి కాదు.

ఈ ఏడు షీల్డులు, శాలువాలు, పూలదండలకు వసూలయ్యే చందాలో సగమైనా జాలీలకు, కింద పరిచే ఫోమ్ షీట్లకు తీయాలని మేము కోరుతున్నాం. ఫోమ్ కుదరకపోతే బొంతలు కుట్టించవచ్చు. సభకు వచ్చే అక్కలూ అన్నలూ ఇంట్లో ఉన్న పాత చీరలు రెండేసి తెస్తే చాలు. కుట్టడానికి మా ముగ్గురి అమ్మలూ ఒప్పుకున్నారు. బొంత తేమ పీలుస్తుంది కాబట్టి ఎండలో వేయడానికి వెనక పెరట్లో తాళ్ళు కట్టాలి. ఆ పని తమ్ముళ్ళదే.

పోయిన ఆదివారం వచ్చి వెంటిలేటర్లు కొలుచుకుని వెళ్ళాం. రెండు హాళ్ళకూ కలిపి పద్నాలుగు ఉన్నాయి. తొమ్మిదింటికి అట్టలు కొట్టి ఉన్నాయి. వాటిలో రెండు మేము కొట్టినవే, మేకులు గుర్తుపట్టాం. నిచ్చెన ఎక్కి ఆ రెండూ ఊడదీసి వచ్చాం. మిగిలిన ఏడింటికీ జాలీ వచ్చాక తీద్దామని వాచ్‌మన్ తాత అన్నాడు.